బియ్యం సంచితో నడక

కీడెంచి మేలెంచమన్నారు పెద్దలు. నేను కీడు దగ్గరే ఆగిపోయే రకం. కుర్చీలో కూర్చునే ముందు కూడా దాని కాళ్ళు చూసుకుంటాను. చిన్నప్పుడు పోలియో వచ్చి ఎడమ తొడలో బలం పోయింది. అడుగు వేస్తే మోకాలు మడత పడేది. అందుకని ఎడమ చేత్తో తొడను వెనక్కి అదిమి పట్టి, వంగి నడిచేదాన్ని.

పాప పుట్టాక ఆ చెయ్యి నాకు కావాల్సి వచ్చింది. మా చర్చిలో తల్లే బిడ్డను రెండు చేతులా ఎత్తుకుని అందరి మధ్య నుంచి నడిచి వెళ్ళి, ప్రార్థన కోసం అయ్యగారి చేతికి ఇవ్వాలి.

"నేను ఎత్తుకపోత లే. నువ్వు పడితే పిల్ల గతేంగాను?" అంది మా అత్త.

అది ప్రేమో పెత్తనమో తేలలేదు. పెత్తనమే అనుకున్నాను.

ఖమ్మంలో సెల్‌ఫోన్లు అప్పుడప్పుడే అందరికీ వస్తున్న రోజులు. అక్కడే క్యాలిపర్ చేయించుకున్నాను. కాలికి రెండు పక్కలా ఇనుప కడ్డీలు, తోలు పట్టీలు, కింద బూటు. లేచి నిలబడగానే మోకాలి దగ్గర రింగులు జారి బిగుసుకుంటాయి. ఇక మోకాలు మడత పడదు, కాలును నడుము నుంచి విసిరి అడుగు వేయాలి.

"చెయ్యి ఇడిసిపెట్టి నడువమ్మా," అన్నాడు చేసినాయన.

ఆయనకేం, పడేది నేను. నా చెయ్యి తొడ మీదికే పోయింది.

ఖానాపురం హవేలిలో మాది కిరాయి ఇల్లు. అత్త బజారుకు పోగానే, పాప బరువుకు సరిపడా బియ్యం సంచిలో పోసి, దాన్ని రెండు చేతులా ఎత్తుకుని వంటింటి నుంచి వాకిలి దాకా నడిచేదాన్ని. ఒకరోజు ఆమె జల్దీ వచ్చేసింది.

"బియ్యం ఏడికి పోతున్నయ్?"

"ఏడికీ పోవు అత్తమ్మా. నడక నేర్చుకుంటున్న."

"బియ్యం పట్టుకొనా?"

నమ్మలేదు. ఆ వారం మా అన్న పర్ణశాల దిక్కున్న మా పుట్టింటి నుంచి వచ్చి తిరిగి పోతుంటే, అతని సంచి చేత్తో తడిమి మరీ సాగనంపింది. నాకు ఒళ్ళు మండిపోయింది.

మర్నాడు గడప మీద కూర్చుంది. "నడువు, చూస్త," అంది. నడిచాను. చాలాసేపు నా మోకాలి వైపే చూసింది.

"సంచి కదలదు. పిల్ల కదులుతది."

లేచి వెళ్ళి పాపను తెచ్చి నా చేతుల్లో పెట్టింది. తను వెనకాలే నడిచింది. నేను పడితే తన మాట నెగ్గుతుందని చూస్తోందనుకున్నాను. ఆ కోపంతోనే పడకుండా నడిచాను.

ఆదివారం చర్చిలో సగం దూరం వెళ్ళాక పాప కాళ్ళు ఝాడించింది. బరువంతా ఒక పక్కకు ఒరిగింది. నా చెయ్యి తొడ మీదికి పోబోయింది, కానీ పాప ఆ చేతి మీదే ఉంది. మోకాలు నిలిచింది.

అయ్యగారు చేతులు చాచారు. ఇవ్వలేకపోయాను. చెయ్యి ఖాళీ అయితే పాత పనికే పోతుందని భయమేసింది. ఆయన చాచిన చేతులు అలాగే ఉన్నాయి. చర్చి అంతా చూస్తోంది.

"అది ఇయ్యదు అయ్యగారూ," అంది అత్త నా వెనక నుంచి. "పిల్లను దాని చేతులనే ఉంచి ప్రార్థన చెయ్యుండ్రి."