ధార ఫోటో

బిక్షపతికి అలసట కొత్త కాదు. సూర్యాపేటలో ఫోటో స్టూడియో పెట్టిన నాటి నుంచీ ఆ మనిషి స్థిమితంగా కూర్చుని తిన్న పూట తక్కువ. పొద్దున్నే చివ్వెంలలో ఎవరో ముసలాయన పోయాడని కబురొస్తుంది. పరుగెత్తాలి. శవాన్ని కుర్చీలో కూర్చోబెట్టి, మెడ వాలిపోకుండా వెనక నుంచి ఒకరు పట్టుకుంటే, చుట్టూ మనవళ్ళను నిలబెట్టి ఫోటో తీయాలి. ఆ చేత్తోనే స్నానం చేసి కోదాడ బస్సెక్కి పెళ్ళికి పోవాలి. ఇంటికొచ్చేసరికి ఒళ్ళు హూనం. "యాష్టకొచ్చింది, ఈ కెమెరా అమ్మి పారేస్త" అనేవాడు చెప్పులు విడుస్తూ. "అమ్ము, ఎవరొద్దన్నరు?" అనేది భార్య సైదమ్మ. అమ్మిందీ లేదు, మానిందీ లేదు.

అలాంటి మనిషి పందొమ్మిది వందల డెబ్భై మూడు ఎండాకాలంలో, ఇంట్లో కూర్చుని నీళ్ళకు ఫోటోలు తీయడం మొదలుపెట్టాడు. వీధివాళ్ళు నవ్వారంటే నవ్వరా మరి! దానికి కారణం మిర్యాలగూడ స్వరాజ్యలక్ష్మి.

ఆమె భర్త ఎప్పుడో పోయాడు. బావగారు గుండయ్య సేటుకు రైసుమిల్లు ఉంది. ఆ ఇంట్లోనే ఒక మూల సర్దుకుని, ఒక్కగానొక్క కూతురు ప్రేమలతను పెంచుకొచ్చింది. ఆ పిల్లకు సూర్యాపేట బట్టల దుకాణం వాళ్ళ సంబంధం కుదిరింది. ఫోటోలు బిక్షపతికి ఒప్పజెప్పారు. మాట్లాడుకోవడానికి వెళ్ళిన రోజు, సేటు మిల్లులోకి పోగానే ఆమె దొడ్డి గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"బిక్షపతీ, పీటల మీద మా బావగారు, అక్క కూసుంటరు. నేను ఎనక అర్రల ఉండాలె. ధార పోసేటప్పుడు నా మొఖం గాడ కనవడొద్దంట."

కన్యాదానంలో పిల్ల చేతిని పెళ్ళికొడుకు చేతిలో పెట్టి, పైనుంచి తల్లి నీళ్ళు పోస్తుంది. అదే ధార. మొగుడు పోయిన తల్లి మాత్రం ఆ చెంబు ముట్టకూడదు. కని పెంచడానికి పనికొచ్చిన చేతులు చెంబెడు నీళ్ళు పోయడానికి పనికిరావట. ఎక్కడ రాసుందని అడక్కండి, నాకు ఒళ్ళు మండుతుంది.

"ఒక్క ఫోటో సాలు నాకు," అందామె. "నా బిడ్డ చేతుల మీద నీళ్లు పడుడు సూడాలె. మా బావగారి బిడ్డ పెండ్లిల నువ్వే తీసినవ్ గద, గందుల నీళ్లే కనవడలె. తెల్లగ గీత గీసినట్టుంది."

బిక్షపతికి తల కొట్టేసినట్టయింది. ఆమె అన్నది నిజమే. అతని పాత ఫ్లాష్‌కు ఫోటోకొక బల్బు కాల్చాలి. ఆ వెలుగు నిదానంగా వెలిగి నిదానంగా ఆరుతుంది, ఆ లోపల నీళ్ళు జారిపోయి ఉత్త తెల్లగీతగా మిగులుతాయి. హైదరాబాదు వెళ్ళి, ఎవరో వాడి వదిలేసిన ఎలక్ట్రానిక్ ఫ్లాష్ ఒకటి పట్టుకొచ్చాడు. దాని వెలుగు రెప్ప కొట్టేలోపు వచ్చి పోతుంది. నీళ్ళను ఉన్నచోట నిలబెట్టేస్తుందని అమ్మినవాడు చెప్పాడు.

నిలబెట్టడం అంత తేలికా? వెనకింట్లో గోడకు నల్ల గొంగడి కట్టాడు. కింద గంగాళం పెట్టాడు. సైదమ్మ చేతికి చెంబిచ్చాడు. వీధి చివరి బోరింగు దగ్గర కొట్లాడి తెచ్చుకున్న నీళ్ళు అవి. పారబోస్తే ఊరుకుంటుందా? పోసిన నీళ్ళే మళ్ళీ ముంచి పోసేది. ఫ్లాష్ ఎదురుగా పెడితే గొంగడి తప్ప ఏమీ కనబడలేదు. పైన పెడితే చెంబు ఒక్కటే మెరిసింది. పక్కకు తెచ్చాక నీళ్ళు కాస్త మొహం చూపించాయి.

"ఇంకొంచెం పైకెత్తు."

"గింత పైకా?"

"సన్నగ పొయ్యి."

"సన్నగ పోస్తే లావుగ పొయ్యమంటవ్, లావుగ పోస్తే సన్నగ అంటవ్. రెక్క ఇరిగిపోతంది నాకు. నీ నీళ్లల్ల మన్నువడ!"

పక్కింటి జానమ్మ గోడ మీంచి తొంగిచూసి, "ఏమే సైదమ్మా, మీ ఆయన నీళ్లకు పెండ్లి జేస్తుండా?" అని పకపకా నవ్వేది. సైదమ్మకు నవ్వే ఓపిక ఉండేది కాదు. భుజం మీద ఉప్పు కాపడం పెట్టుకుంటూ పడుకునేది.

కిటికీలు మూసిన గదిలో చెమటలు కక్కుతూ కడిగిన ఫోటోల్లో చివరికి ఒకటి కుదిరింది. నీటి చుక్కలు దేనికది విడివిడిగా, తెగిన దండలోంచి రాలుతున్న పూసల్లా గాలిలో నిలబడి ఉన్నాయి. తడి ఆరకముందే తెచ్చి భార్యకు చూపించాడు. "మంచిగుంది. ఇగ నన్నిడిసిపెట్టు," అంది సైదమ్మ.

పెళ్ళిలో కూడా అచ్చం అలాగే పట్టుకున్నాడు. తోపులాటలో స్టూలెక్కి, మేళం చెవులు బద్దలు కొడుతుంటే, సరిగ్గా ప్రేమలత చేతుల మీద నీళ్ళు పడే క్షణాన నొక్కాడు. దిగుతూ వెనక్కి చూస్తే, లోపలి అర్ర తలుపు సందులో గాజుల్లేని చెయ్యొకటి ద్వారబంధాన్ని పట్టుకుని కనిపించింది. ఈమె రుణం తీర్చుకున్నాననుకున్నాడు పిచ్చి బిక్షపతి.

ఫోటోలు పట్టుకుని మిర్యాలగూడ వెళ్ళాడు. గుండయ్య సేటు ఒక్కొక్కటే తిప్పుతూ ఒకచోట ఆగాడు.

"ఏందిది?"

"ధార సేటూ. చుక్క చుక్కా కనవడ్తది సూడుండ్రి."

"ధార తెగింది గదనయ్యా! శుభమాని పెండ్లి జేస్తే ధార తెంపి తెస్తవా?"

బిక్షపతికి అప్పుడు గుర్తొచ్చింది. తెగకుండా పొయ్యండమ్మా, తెగకుండా పొయ్యండి అని ప్రతి పెళ్ళిలోనూ అయ్యగారు అరుస్తూనే ఉంటాడు. ఎన్ని పెళ్ళిళ్ళలో వినలేదు! నెలల తరబడి చుక్కల వెంట పడ్డాడు గానీ, ధార తెగితే అశుభమన్న సంగతే మరిచిపోయాడు. ఆ పాత తెల్లగీతే అసలైన ధార. సేటు ఆ ఫోటో విసిరికొట్టి మిగతావి తీసుకున్నాడు. తలుపు చాటున ఉన్న స్వరాజ్యలక్ష్మి వంగి దాన్ని ఏరుకుంది.

శ్రావణంలో ఆమె కూతుర్ని చూడటానికి సూర్యాపేట వచ్చి, ప్రేమలతను వెంటబెట్టుకుని తిన్నగా బిక్షపతి ఇంటికే వచ్చింది. మనిషి సగమైంది. కొంగు చాటు నుంచి ఆ ధార ఫోటో బయటికి తీసింది.

"నిజం జెప్పు. తెగిందా?"

"తెగలేదమ్మా, ఒట్టు. నా కండ్లతోని సూసిన. మన కంటికి ధారనే. మిషన్‌కే సుక్కలోలె కనవడ్తది."

"నువ్వు సూసినవ్. మా అక్క సూసింది. ఊరంత సూసింది. నేను సూసింది గిదొక్కటే గద!"



"నా చేతుల మీదనే గద పడ్డయి, తెగలేదంటే ఇనవేందమ్మా?" అంది ప్రేమలత విసుగ్గా. ఆమె గొంతులోనూ ఏడుపుంది. "నాకు జరంత జరమొచ్చినా గిదే ఫోటో దీసి సూసుకుంట ఏడుస్తది."

బిక్షపతి ఉస్సురంటూ లేచాడు. పెట్టె అడుగు నుంచి పాత ఫ్లాషూ, మిగిలిన బల్బూ తీశాడు. గొంగడి కట్టాడు. ప్రేమలతను గంగాళం ముందు దోసిలి పట్టి కూర్చోమన్నాడు. "సైదమ్మా, చెంబు తే. తెగకుంట పొయ్యాలె."

సైదమ్మ నీళ్ళు ముంచి చెయ్యెత్తబోయింది. సగంలోనే భుజం పట్టేసింది.

"నాతోని గాదు," అంది. "అమ్మా, నువ్వే పొయ్యరాదు?"

స్వరాజ్యలక్ష్మి ఒక అడుగు వెనక్కి వేసింది. "నేనా? నేను ముట్టొద్దు."

"ఈడ ఎవరు జూస్తుండ్రు?"

సైదమ్మ ఆచారాల మీద కోపంతో అనలేదు ఆ మాట. ఆమెకు ఓపిక లేదు, అంతే. చెంబు స్వరాజ్యలక్ష్మి చేతిలో పెట్టి, గోడకు ఆనుకుని చతికిలబడింది.

స్వరాజ్యలక్ష్మి కూతురి వంక చూసింది. ప్రేమలత కళ్ళు దించుకుని దోసిలి ఇంకాస్త ముందుకు చాపింది. చెంబు వంగింది. నీళ్ళు తెగలేదు. బిక్షపతి నొక్కాడు. బల్బు భగ్గుమంది.

"వచ్చిందమ్మా. ఇగ సాలు," అన్నాడు.

ఆమెకు వినబడలేదు. పోస్తూనే ఉంది, వెక్కి వెక్కి ఏడుస్తూ. చెంబు ఖాళీ అయ్యాక కూడా అలాగే వంచి పట్టుకుని నిలబడింది. సైదమ్మ మోకాళ్ళు పట్టుకుని మూలుగుతూ లేచింది. చెంబు తీసుకుని, గంగాళంలో నిండా ముంచి, మళ్ళీ ఆమె చేతికిచ్చింది.

"పొయ్యమ్మా," అంది.