తాబేలు గెంతుకు పడిన మార్కులు

మేముండేది అరవదేశంలో. ఇక్కడి మనలిలో లారీలు తూచే కాటా దగ్గర నాకు ఉద్యోగం. బండి ఇనప పలక మీదికి వచ్చి ఆగుతుంది, డ్రైవరు కిందికి దిగుతాడు, అంకె నిలకడగా నిలిచేదాకా ఆగి నేను చీటీ తీస్తాను. బడిలో నేర్చుకున్న లెక్కలు తక్కువ. సగటులు, శాతాలు మా అమ్మాయి పాత పాఠ్యపుస్తకాలు ముందేసుకుని నాకు నేనే నేర్చుకున్నాను. అందుకేనేమో, ఏ అంకె కనబడినా దాని వెనకాల ఏముందో చూస్తే తప్ప నాకు తోచదు. ఇంట్లోవాళ్లకు ఇది అప్పుడప్పుడూ విసుగు తెప్పిస్తుంది.

అమ్మాయి వీడియో గేములు తయారుచేసే ఆఫీసులో పనిచేస్తుంది. మా ఇల్లున్న రాయపురం నుంచి రైలెక్కి, బస్సు మారి, నగరానికి ఆ చివరకు పోవాలి. కిందటేడాది వాళ్లకు ఒక యానిమేషన్ సినిమాను గేముగా మార్చే పని వచ్చింది. జనానికి బాగా నచ్చిన సినిమా అది. ఇసుకలో గుడ్డు పగలగొట్టుకుని బయటికొచ్చిన తాబేలు పిల్ల దారి తప్పి ఊళ్లోకి వచ్చిపడి, సముద్రాన్ని వెతుక్కుంటూ పోయే కథ. గేములో ఆ పిల్లను మనమే నడిపించాలి. మెట్టు మీంచి మెట్టు మీదికి, గోడ మీంచి పడవ మీదికి గెంతిస్తూ, గుంటల్లో పడకుండా చివరికి నీళ్లలోకి చేర్చాలి.

తాబేలు గెంతడమేమిటని అడిగాను. సరిగ్గా అదే తన పని అంది. ఎంత ఎత్తు లేవాలి, గాలిలో ఎంతసేపు ఉండాలి, ఎంత వేగంగా దిగాలి, అంతా తను నిర్ణయించిందే. ఇలాంటి గేముల్లో మామూలుగా ఉండే బంతిలాంటి గెంతు తనకు వద్దనిపించింది. తన తాబేలు ఆయాసపడుతూ లేచి, దబ్బున దిగుతుంది. వీపు మీద డిప్ప మోసే ప్రాణి ఇంకెలా గెంతుతుందని అమ్మాయి వాదన. వాళ్ల టీమ్ లీడరుకు మాత్రం అనుమానంగానే ఉండిందట. చివరికి ఇద్దరూ ఒక మాట అనుకున్నారు. గేము విడుదలయ్యాక విమర్శకులు గెంతును తప్పుపడితే మొదటి అప్‌డేట్‌లోనే దాన్ని తేలిక చేసేస్తారు. లేకపోతే అమ్మాయి గెంతు అలాగే ఉంటుంది, రెండో భాగంలోకి కూడా వెళ్తుంది.

విడుదలకు ముందే ఒక కాపీ ఇంటికి తెచ్చింది. నేను మొదటి ఊళ్లో గోడ దగ్గరే పడిపోతూ ఉండేవాణ్ణి. మా ఆవిడ మధ్యాహ్నం గిన్నెలు కడిగేసి కూర్చుని, ఆ తాబేలును తిడుతూ, బుజ్జగిస్తూ, నాకంటే చాలా దూరం తీసుకుపోయింది.

"నువ్వు తొందరపడతా ఉండావయ్యా," అనేది నాతో. "అది కూడా ఊపిరి తీసుకోవాల గదా. నీ లారీ అనుకున్నావా, హారన్ కొడితే కదిలేదానికి?"

విమర్శకులకు గేము ముందే పంపిస్తారట గాని, అందరూ ఒకే గడియకు తమ మాట బయటపెట్టాలని షరతు ఉంటుందట. ఆ గడియ ఒక శుక్రవారం సాయంత్రం వచ్చింది. అన్ని సమీక్షలనూ ఒకచోట చేర్చి నూటికి ఇన్ని అని సగటు మార్కు చూపించే వెబ్‌సైట్ ఒకటి ఉందని అమ్మాయి చెప్పిపెట్టింది. నేను ఫోను పట్టుకుని కూర్చున్నాను. మార్కు వాళ్లు ఆశపడినదానికంటే బాగానే వచ్చింది. అమ్మాయి ఫోన్ చేస్తే వెనక చప్పట్లు వినబడ్డాయి. ఆఫీసులో అందరికీ బిర్యానీ తెప్పించారట. మా ఆవిడ ఆ కబురు చెప్పడానికి పక్కింటికి పోయింది.

సగటు అంటే నాకు గౌరవం ఉంది, నమ్మకం లేదు. లోడుతో వచ్చిన బండి తూకంలో బండి బరువు కూడా కలిసే ఉంటుంది. వానాకాలమైతే టార్పాలిన్ మీద నిలిచిన నీళ్లు కూడా సరుకుతో పాటు తూగుతాయి. అవి తీసేస్తే గాని అసలు సరుకెంతో తెలియదు. అందుకని సమీక్షలు ఒక్కొక్కటే తెరిచి చదివాను. నా ఇంగ్లీషు నెమ్మదిగా నడుస్తుంది, అయినా నడుస్తుంది. చాలామంది పొగిడింది కథను, రంగులను, పాటలను, దారి చెప్పే ముసలి కొంగ గొంతును. అవన్నీ సినిమావి. ఒకాయన తాబేలు తల్లి కోసం ఏడ్చిన ఘట్టం గురించే రాసుకుంటూ పోయి, ఆడినప్పుడు ఎలా ఉందో ఒక్క ముక్క చెప్పకుండా మంచి మార్కు వేసేశాడు. ఇలాంటివన్నీ బండి బరువు కింద పక్కన పెట్టాను. మిగిలినవాటిలో గెంతు గురించి ఏమన్నారో వెతికాను. తిప్పితిప్పి అందరూ బరువు అనే మాటే వాడారు. ఒకరు తాబేలుకు రాయి కట్టి వదిలినట్టుందన్నారు. ఇంకొకరికి బొటనవేలు నొప్పి పుట్టిందట. సినిమాను అంత ఇష్టపడిన పిల్లలు ఈ గెంతుతో విసిగిపోతారని మరొకరి బాధ.

బండి బరువు తీసేశాక మిగిలిన సరుకు చూసి నాకు దిగులు పుట్టింది. ఆఫీసులో వాళ్లు సినిమా మార్కుకు బిర్యానీ తింటున్నారు, మా అమ్మాయి గెంతు మాత్రం పోయేలా ఉంది.

ఆ రాత్రి అమ్మాయి స్వీటు పెట్టెతో ఇంటికి వచ్చింది. బిర్యానీ తిన్నా ఇంటి పెరుగన్నం తినందే దానికి తిన్నట్టుండదు. అంకెను దాచిపెట్టడం నాకు చేతకాదు. అది అన్నం కలుపుకుంటూ ఉండగానే, మార్కు సినిమాదనీ, గెంతును అందరూ తప్పుపట్టారనీ చెప్పేశాను. మా ఆవిడ నా వైపు చూసిన చూపు ఇక్కడ రాయను.

అమ్మాయికి కోపమొస్తే అరవంలోకి దిగుతుంది. ఆ పూట తెలుగులోనే అడిగింది.

"నాయనా, మీ కాటాలో బండిని ఒక్కసారే తూస్తారా?"

రెండుసార్లు అన్నాను. లోపలికి వచ్చేటప్పుడు ఒకసారి, బయటికి పోయేటప్పుడు ఒకసారి.

"మరి వీళ్లని ఒకసారే తూసినావే. వచ్చేటప్పుడు ఏమన్నారో చూసినావు. పోయేటప్పుడు ఏమన్నారో చూసినావా?"

చూడలేదు. గెంతు గురించిన మాట దొరకగానే అక్కడితో ఆపి తర్వాతి సమీక్షకు పోయాను. రెండో తూకం పడని చీటీ మా కాటాలో ఎవరూ ఒప్పుకోరు. నేను అలాంటి సగం చీటీలు పట్టుకుని సాయంత్రమంతా దిగులుపడ్డాను.

అమ్మాయి చెయ్యి కడుక్కుని వచ్చి నా ఫోను తీసుకుంది. సమీక్షల చివరి పేరాలు చూపించింది. గేములో చివరి ఘట్టం సముద్రం. అక్కడ గెంతును తను ఏమాత్రం మార్చలేదట. అదే ఎత్తు, అదే ఆయాసం, కాకపోతే కింద నీళ్లు మోస్తాయి. ఆ తేలికదనం చేతికి తెలియాలంటే ఊరంతా బరువు మోసి ఉండాలని అలా పెట్టిందట. రాయి కట్టినట్టుందన్న మనిషి, సముద్రంలోకి దిగాక ఆట మరిచిపోయి కాసేపు తాబేలును ఊరికే ఈదనిచ్చానని రాశారు. వేలు నొప్పి మనిషి, అంత నొప్పీ ఈ హాయి కోసమేనా అని మురిసిపోతూ రాశారు. అందరూ అలా అనలేదు. కొందరు సముద్రం దాకా పోయినట్టే లేదు. కొందరు పోయి కూడా పెదవి విరిచారు. ఆ మాటలు కూడా అమ్మాయి దాటవేయకుండా చదివింది. అది నాకు నచ్చింది.

"నేనింకా సముద్రం కాడికి పోనే లేదు," అంది మా ఆవిడ. "తండ్రీ కూతురూ కథంతా ముందే చెప్పేస్తిరి."

సోమవారం వాళ్ల ఆఫీసులో మీటింగు. టీమ్ లీడరు కూడా నాలాగే బరువు అన్న మాటలన్నీ ఏరి తెర మీద పెట్టాడట. అమ్మాయి ఒక్కొక్కరి మొదటి మాట పక్కన చివరి మాట పెట్టి చూపించింది. వాదన చాలాసేపు నడిచిందట. గెంతు ఉంటుందని తేలింది. అయితే ఆయన అన్న ఒక మాట తనకూ న్యాయమే అనిపించిందని చెప్పింది. మధ్యలో వదిలేసి పోయేవాళ్లకు నీళ్ల రుచి ఎప్పటికీ తెలియదు, ఆ తప్పు మనది గాని వాళ్లది కాదు అన్నాడట. అందుకని అప్‌డేట్‌లో మొదటి ఊరి గోడ అవతల, వాన వెలిసి మోకాటి లోతు నీళ్లు నిలిచిన సందు ఒకటి చేర్చింది. రాయపురంలో పుట్టినదానికి అలాంటి సందు ఊహించుకోవాల్సిన పనేముంది? టీ కొట్టు ముందు తేలే చెక్కబల్లతో సహా మా సందే అది.

తన పని మార్చాల్సి వచ్చినందుకు బాధగా ఉందా అని అడిగాను.

"గెంతు మార్లేదు గదా నాయనా. ముందుగా కొంచెం రుచి చూపిచ్చినాం, అంతే," అంది.

అప్‌డేట్ వచ్చింది. సమీక్షలు రాసినవాళ్లెవరూ మళ్లీ వచ్చి రాయలేదు, వెబ్‌సైట్‌లో మార్కు ఉన్నచోటే ఉంది. ఆదివారం పొద్దున నేను ఆటకు కూర్చున్నాను. గోడ దగ్గర ఎప్పటిలాగే పడ్డాను. మా ఆవిడ పక్కన కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తూ, ఊపిరి తీసుకోనియ్యి అంది. ఈసారి ఆగాను. కాటా మీద అంకె నిలబడేదాకా ఆగినట్టు ఆగి, అప్పుడు మీట నొక్కాను. తాబేలు ఆయాసపడుతూ లేచి గోడ దాటి నీళ్ల సందులో పడింది. మునగలేదు. టీ కొట్టు బల్ల పక్కనుంచి తేలుతూ పోయింది. నా చేతిలో ఏమీ లేనట్టే అనిపించింది.

సందు చివర పొడి మెట్టెక్కగానే మళ్లీ పాత బరువే. ఎదురుగా పెద్ద గుంట. మా ఆవిడ చిక్కుడుకాయల పళ్లెం నా ఒళ్లోకి నెట్టి చెయ్యి చాపింది.

"ఇట్టా ఇయ్యి. సముద్రం దాకా నేను తీసకపోతా."

ఇచ్చేసి, చిక్కుడుకాయలు అందుకున్నాను.