పక్కింటి ఆంటీ పాస్‌వర్డ్

ఆ శనివారం మధ్యాహ్నం నేను పప్పులో తాలింపు వేస్తుండగా పక్కింటి ఆంటీ వచ్చి గేటు పట్టుకుని నిలబడింది. ఎప్పుడొచ్చినా "మకాన్ అయిందా అమ్మాయి?" అని, భోజనానికి మలాయ్ మాట వాడి పలకరిస్తూ లోపలికి వచ్చే మనిషి, ఆ రోజు తిండి సంగతే ఎత్తలేదు.

"ఒకసారి మా ఇంటికి రాగలవా? నా కంప్యూటర్ అరుస్తన్నాది," అంది.

స్టవ్ ఆపి వెంటనే వెళ్లాను. చోవా చూ కాంగ్ పేటలో మా రెండు ఫ్లాట్లకూ మధ్య ఉన్నది ఒక్క గోడే. ఆవిడ మలేషియాలో, పేరాక్ వైపు ఒక రబ్బరు తోటలో పుట్టింది. తాతగారు విశాఖ వైపు నుంచి కూలికి వెళ్లినవారట. పెళ్లయ్యాక భర్త ఉద్యోగం కోసం సరిహద్దు దాటి ఈ నగరానికి వచ్చేశారు. ఆయన పోయాక ఒక్కతే ఉంటోంది. కూతురు ఈ నగరంలోనే, బిషాన్‌లో కాపురం. ఆంటీ తెలుగు తాతల నాటిది. మధ్య మధ్య తమిళం, మలాయ్ దొర్లుతాయి. కానీ తెలుగు చదవడం రాదు. తోట బడిలో నేర్పింది తమిళం.

ఒకనాడు లిఫ్టులో నేను ఫోన్లో ఏదో కథ చదువుకుంటుంటే తొంగిచూసి, "ఇది మన రాతేనా? ఎంత గుండ్రంగా ఉన్నాదో," అంది. తర్వాత కొన్నాళ్లకు కూతురు కొత్త లాప్‌టాప్ కొనుక్కుని పాతది తల్లికి ఇచ్చింది. అక్షరాలు నేర్పే ఒక వెబ్‌సైటు నేను తెరిచి చూపించాను. అప్పటినుంచి రోజూ భోజనమయ్యాక దాని ముందు కూర్చుని, అ నుంచి మొదలుపెట్టి పైకి చదువుకునేది. వారాంతాల్లో ఆ గొంతు నాకు గోడ అవతలి నుంచి వినిపించేది. గుణింతాల దగ్గరికి వచ్చాక కాస్త నీరసపడింది గానీ వదల్లేదు.

పడకగదిలోకి వెళ్లేసరికి మంచం మీద తువ్వాలు కప్పి, దానిమీద దిండు పెట్టిన ఒక మూట కనిపించింది. లోపలి నుంచి సైరన్ మోత. దాంతోపాటు ఒక ఆడగొంతు ఇంగ్లిషులో, మీ కంప్యూటర్‌లో వైరస్ ఉంది, ఆపివేయవద్దు, వెంటనే ఫోన్ చేయండి అని చెప్పిందే చెబుతోంది. ఇరుగుపొరుగు వింటే పరువు పోతుందని అలా కప్పి పెట్టిందట.

మూట పక్కన ఆవిడ ఫోన్ ఉంది. లైన్ ఇంకా కలిసే ఉంది. స్పీకర్‌లోంచి ఒక మగగొంతు ఇంగ్లిషులో, చాలా మెత్తగా, "మదర్, కార్డు దొరికిందా? తొందరేం లేదు, మెల్లగా వెతకండి," అంటోంది.

నేను తువ్వాలు తీశాను. తెర నిండా ఎర్రటి పేజీ. దాని పైన మౌస్ బాణం, ఎవరూ ముట్టుకోకుండానే, ఇటూ అటూ కదులుతోంది. ఆంటీ నా భుజం పట్టుకుంది. హాల్లోకి పరుగెత్తి వైఫై పెట్టె స్విచ్ ఆపేశాను. తిరిగి వచ్చేసరికి బాణం నిలిచిపోయింది. ఫోన్ పెట్టేశాను. అది వెంటనే మళ్లీ మోగితే ఆ నంబరును బ్లాక్ చేశాను. బ్రౌజర్‌ను బలవంతంగా మూసేశాక గాని ఆ సైరన్ ఆగలేదు.

ఆంటీ మంచం అంచున కూర్చుంది.

"కార్డు నంబర్లు చెప్పారా ఆంటీ?"

"నేదు. కళ్లజోడు తెచ్చుకుంటానని సెప్పి నీకాడికి వచ్చీసినాను."

"బ్యాంకు పేజీ ఏమైనా తెరిచారా?"

"నాకు బ్యాంకు ఇందులో ఎక్కడున్నాది? నాను కౌంటర్‌కే ఎల్తాను కదా."

అయినా కార్డు వెనక ఉన్న నంబరుకు ఆవిడ చేతే ఫోన్ చేయించాను. ఆ కార్డును ఆపి కొత్తది పంపిస్తామన్నారు. ఆ తర్వాత, అసలేం జరిగిందని అడిగాను. అక్షరాలు చిన్నగా కనిపిస్తున్నాయని, పెద్ద అక్షరాల కోసం వెతికిందట. ఎక్కడో ఆకుపచ్చ బటన్ కనిపించి నొక్కింది. అనుమతించాలా అని అడిగితే అనుమతించింది. కాసేపటికి ఎర్ర పేజీ వచ్చింది. అందులో ఉన్న నంబరుకు ఫోన్ చేస్తే ఆ మనిషి కంప్యూటర్‌లోకి ఏదో ప్రోగ్రాము దింపుకోమన్నాడు, తెర మీద కనిపించే అంకెలు చదవమన్నాడు. ఆ అంకెలతోనే కంప్యూటర్ వాడి చేతికి వెళ్లిపోయింది.

"ఎందుకు చదివారు ఆంటీ?" అన్నాను. గొంతులో కోపం రాకుండా చూసుకున్నాను గానీ వచ్చే ఉంటుంది.

ఆవిడ తువ్వాలు మడత పెడుతూ చెప్పింది. "నాకు అర్తం కానేదంటే మళ్లీ సెప్పినాడు. మళ్లీ అడిగితే మళ్లీ సెప్పినాడు. విసుక్కోనేదు. బోంచేసినారా మదర్ అని కూడా అడిగినాడు. ఈ కంప్యూటర్ గురించి నాతో ఇంత ఓపిగ్గా ఎవులూ మాటాడనేదు అమ్మాయి."

వన్-నార్త్ ఆఫీసుల పేటలో నా ఉద్యోగమే సాఫ్ట్‌వేర్ పరీక్షించడం. రోజంతా ఎక్కడ ఏం తప్పు జరగవచ్చో ఆలోచిస్తూ కూర్చుంటాను. మోసగాడికి ఉండే పెద్ద పనిముట్టు ఓపిక అన్నది మాత్రం ఎప్పుడూ తట్టలేదు.

వంట సంగతి మా ఆయనకు అప్పజెప్పి, ఆ మధ్యాహ్నమంతా ఆంటీ దగ్గరే కూర్చున్నాను. వాడు దింపించిన ప్రోగ్రామును మొదట తీసేశాం. తర్వాత నా ఫోన్ నుంచి ఇంటర్నెట్ ఇచ్చి, వైరస్ ఉందేమో మొత్తం వెతికించాం. బ్రౌజర్‌లో ఏయే సైట్లకు నోటిఫికేషన్లు పంపే అనుమతి ఉందో చూపించి, ఒక్కొక్కటీ ఆవిడ చేతే తీయించాను. ఒక పేజీ ఎంత అరిచినా అది వట్టి పేజీయేననీ, కంప్యూటర్ ఎప్పుడూ మనల్ని ఫోన్ చేయమని అడగదనీ చెప్పాను. ఆవిడ ప్రతిదీ తిరిగి చెప్పించుకుంది. చెప్పాను.

చివరికి పాస్‌వర్డ్ దగ్గరికి వచ్చాం. ఇదివరకటిది కూతురు పెట్టినది, నాకూ తెలుసు. ఈసారి ఆవిడనే పెట్టుకోమన్నాను. ఒకదానికొకటి సంబంధం లేని నాలుగు మాటలు అనుకుని, ఇంగ్లిషు అక్షరాల్లో వరసగా కొట్టమన్నాను.

"నీకు సెప్పాలా?"

"వద్దు. ఎవరికీ చెప్పకూడదు."

"నా కూతురికి?"

"ఆమెకు కూడా అక్కర్లేదు. మీ ఒక్కరికే."

ఆంటీ లాప్‌టాప్‌ను ఒళ్లోకి లాక్కుంది. తోటలో వాళ్లది ఒకటే గది ఇల్లు. నిండా తోబుట్టువులు. పెళ్లయ్యాక అత్తగారితో ఒకే అలమర. తాళం వేసుకునేందుకు తనదంటూ ఒక పెట్టె ఎప్పుడూ లేదని, నవ్వుతూనే చెప్పింది. "ఎల్లు మరి. వంటింట్లోకి ఎల్లి నిలబడు," అంది.

వెళ్లి నిలబడ్డాను. ఆవిడకు ఒక్కొక్క అక్షరం పైకి చదువుతూ కొట్టడం అలవాటు. మొదటి మాట నాకు స్పష్టంగా వినిపించింది. కొళాయి తిప్పి అక్కడున్న గ్లాసులు కడగడం మొదలుపెట్టాను.

"ఇనపడిందా?" అని అరిచింది లోపల నుంచి.

"కొళాయి శబ్దంలో ఏమీ వినపడలేదు ఆంటీ."

"అయినా మొదటి మాట మార్చీసినాను. ఇనపడినా పర్నేదు."

సాయంత్రం నేను బయలుదేరబోతుంటే చెయ్యి పట్టుకుంది. కూతురికి చెప్పొద్దని బతిమాలింది. తెలిస్తే లాప్‌టాప్ తీసుకుపోతుందని భయం. నేను చెప్పనని మాటిచ్చాను. కానీ మీరే చెబితే మంచిదన్నాను. ఆవిడ "తాక్ పాయా, తాక్ పాయా," అంటూ తల అడ్డంగా ఊపింది. అవసరం లేదని మలాయ్‌లో.

మర్నాడు కూతురు వచ్చింది. మధ్యాహ్నం ఆంటీ నన్నూ పిలిచింది. ముగ్గురం టీ తాగుతుండగా, కప్పులోకి చూస్తూ, మొత్తం తనే చెప్పేసింది. ఆ మగమనిషి ఓపిక గురించి కూడా.

కూతురు కప్పు కింద పెట్టింది. ఆమె తెలుగు అర్థం చేసుకుంటుంది గానీ బదులు ఇంగ్లిషులోనే ఇస్తుంది. "మా, ఐ ఆల్సో కెనా," అంది మెల్లగా. తనూ ఒకసారి అలాగే దెబ్బతిందట. పార్సిల్ వచ్చిందని మెసేజ్ వస్తే ఆఫీసు హడావిడిలో నొక్కేసి, కార్డు వివరాలు ఇచ్చేసింది. సిగ్గుతో భర్తకు కూడా చాలా రోజులు చెప్పలేదు.

"మరి నాకెందుకు సెప్పనేదు?"

"యు విల్ వర్రీ, లా," అంది, ఇక్కడి ఇంగ్లిషుకు తోకలా అంటుకునే ఆ 'లా'తో సహా.

ఆంటీ కూతురి తల మీద చెయ్యి వేసి చాలాసేపు అలాగే నిమిరింది. లాప్‌టాప్ తీసుకెళ్లే మాట ఎవరూ ఎత్తలేదు. కూతురు దాన్ని ఒళ్లో పెట్టుకుని, ప్రకటనలను ఆపే యాప్ ఒకటి వేసింది. బ్రౌజర్‌లో అక్షరాలు పెద్దవిగా కనిపించేలా ఎలా మార్చుకోవాలో చూపించింది. తల్లి మళ్లీ అడిగితే మళ్లీ చూపించింది. ఇక నుంచి ఆదివారాలు ఒక గంట ఇద్దరూ కలిసి కూర్చోవాలని అనుకున్నారు. చాలావరకు అలాగే కూర్చుంటున్నారు.

ఇది జరిగి చాన్నాళ్లయింది. ఆంటీ ఇప్పుడు ఒత్తులు కూడా చదువుతోంది. మొన్నొక సాయంత్రం లాప్‌టాప్ చేత పట్టుకుని మా ఇంటికి వచ్చి, భోజనాల బల్ల మీద పెట్టి, "ఇను," అంది. తెర మీది వాక్యాన్ని వేలితో చూపిస్తూ, ఎక్కడా ఆగకుండా చదివింది. "అభినందనలు. మీరు ఖరీదైన బహుమతి గెలుచుకున్నారు. ఇక్కడ నొక్కండి."

చదివి నా మొహంలోకి చూసింది. నేను నోరు తెరిచేలోపే ఆ పేజీని మూసేసింది.

"దొంగ ఎదవలు," అంది ఆనందంగా. "మన రాత ఎంత బాగా రాసినారో సూడు."