కుక్క ఇంటికి గడప

చేతులతో చేసే పనుల్లో నాకు బాగా వచ్చింది సంతకం ఒక్కటే. నల్గొండలో గుమాస్తా ఉద్యోగం చేసీ చేసీ అది కూడా ఈ మధ్య గీతగా మారింది. అలాంటివాణ్ని రంపం పట్టానంటే దానికి కారణం మా అమ్మ. అమ్మకు కారణం ఒక కుక్క. కుక్కకు కారణం దేవరకొండ రోడ్డు మీద పరుగెత్తిన ఇసుక ట్రాక్టరు.

ఆ కుక్క మాదని చెప్పలేను. మా వాకిట్లో ఉండేది, అంతే. అమ్మ తలుపు లోపల కూర్చుని జొన్నరొట్టె తుంచి గడప మీదుగా విసిరేది. అది బయట నిలబడి నోటితో అందుకునేది. కుక్క లోపలికి రాకూడదు, అమ్మ బయటికి రాలేదు. వాళ్ల స్నేహం ఆ హద్దుకు అటూ ఇటూ ఉండి సాగింది.

అమ్మ ఎందుకు రాలేదో మా వైపు వాళ్లకు చెప్పక్కర్లేదు. మా ఊళ్లో బోరు నీళ్లు తాగి పెరిగినవాళ్లకు ఫ్లోరైడు అనే మాట ఓనమాలకన్నా ముందే వస్తుంది. ఎముకలు మొదట నొప్పి పెడతాయి, తర్వాత వంగుతాయి, చివరికి వంగిన చోటే బిగుసుకుపోతాయి. రాష్ట్రం వచ్చాక ఇంటికి నల్లా వచ్చింది, మంచి నీళ్లు వచ్చాయి. అమ్మ మోకాళ్లకు మాత్రం అవి ఒక జీవితకాలం ఆలస్యంగా వచ్చాయి. అప్పటికే ఆమె నేల మీద కూర్చుని, రెండు చేతులూ ఆనించి, ఒళ్లు జరుపుకుంటూ తిరిగేది. అట్లా ఇల్లంతా తిరిగేది కూడా. ఒక్క గడప దగ్గరే ఆగిపోయేది. అది వేప మొద్దుతో చేసిన జానెడు ఎత్తు గడప. స్నానాల గది వాకిట్లో, ప్రహరీ పక్కన. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి నా భార్య అమ్మ చంకల కింద చేతులు పెట్టి ఎత్తి, గడప దాటించి, మళ్లీ లోపలికి తెచ్చేది. మధ్యలో ఆమె పత్తి చేలకు పోయేది, నేను బస్సెక్కేవాణ్ని.

ట్రాక్టరు కుక్క నడుము మీదుగా పోయింది. పశువుల డాక్టరు సూదిమందు వేసి, బతుకుతుంది గానీ వెనక కాళ్లు మాత్రం ఇక రావని చెప్పాడు. ఆ వారమే వానలు మొదలయ్యాయి. కుక్క వాకిట్లో బురదలో పడుకుని ఇంటివైపు చూసేది.

"దానికొక ఇల్లు కట్టు కొడుకా, నానుతాంది," అంది అమ్మ.

టైల్స్ దుకాణం వెనక పడేసిన ప్యాకింగ్ చెక్కలు తెచ్చాను. ఊళ్లో వడ్రంగి పని చేసే వడ్లాయన పాత రంపం, సుత్తె, మూలమట్టం ఇచ్చాడు. ఇస్తూ, రంపం పోయినా ఫికర్ లేదు, వేళ్లు మాత్రం లెక్క చూసి తెచ్చుకొమ్మన్నాడు. మూలమట్టంతో మొదలుపెట్టిన పని మొదటి ఆదివారం సాయంత్రానికే నేలమట్టమైంది. నాలుగు గోడలూ నాలుగు ఎత్తుల్లో వచ్చాయి. పైకప్పు పెట్టగానే ఒకదాని మీద ఒకటి వాలి, పొలం పని ముగించిన మనుషుల్లా కూలబడ్డాయి.

లోపలి నుంచి చూస్తున్న అమ్మ తప్పు కనిపెట్టింది. గోడలతో ఎవడన్నా ఇల్లు మొదలుపెడతాడా అంది. మా వైపు ఇల్లంటే ముందు దర్వాజ నిలబడాలి, దర్వాజకు ముందు గడప పడాలి. మా ఊళ్లో గడపను కడప అంటారు. కడప లేంది ఇల్లు కాదు, పందుల దొడ్డి. నాక్కూడా ఆ మాట సబబుగా తోచింది. చదువుకున్నవాడికి శాస్త్రం దొరికితే ఎంత బలమో! వెంటనే అమ్మ వడ్లు పోసే గుమ్మి కింద చెయ్యి పెట్టమంది. అక్కడ మూరెడు వేప ముక్క ఉంది. మా ఇంటి గడప చేసినప్పుడు మిగిలిన ముక్క. అమ్మ దాన్ని ఇన్నేళ్లూ పొయ్యిలో పెట్టకుండా దాచింది.

రెండో ఆదివారం ఆ ముక్కనే ముందు పడేశాను. పక్క గోడల చెక్కలు, ముందరి చెక్కలు అన్నీ దానికే మేకులు కొట్టి నిలబెట్టాను. ఈసారి ఇల్లు నిలబడింది. నా భార్య నవ్వుతూనే గడపకు పసుపు రాసి రెండు బొట్లు పెట్టింది. ప్రహరీ అవతల నుంచి పక్కింటాయన తొంగిచూసి, "మాకు సర్కారు డబుల్ బెడ్‌రూం రాకపాయె, కుక్కకు సింగిల్ బెడ్‌రూం వచ్చె," అన్నాడు. నేను తాపీమేస్త్రీలా నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాను.

కుక్క పాక్కుంటూ వచ్చింది. ముందు కాళ్లు గడప మీద పెట్టింది. రొమ్ము పైకి లాక్కుంది. వెనక కాళ్లు రాలేదు. గడప అంచు పొట్టకు గీసుకుని కుయ్యిమని వెనక్కి పడింది. మళ్లీ ప్రయత్నించింది. మళ్లీ పడింది. మూడోసారి గడప మీద గడ్డం ఆనించి, లోపల పరిచిన గోనెపట్టాను చూస్తూ ఉండిపోయింది.

కాళ్లు లేని కుక్కకు జానెడు గడప పెట్టాను. ఆ సంగతి అందరికీ ఒకేసారి తెలిసింది. పక్కింటాయన తల వెనక్కి తీసుకున్నాడు. నా భార్య ఆ గడపను చూసింది, తలతిప్పి మా ఇంటి గడపను చూసింది, అంట్లు తోమడానికి పోయింది. అమ్మ మా గడపకు అవతల కూర్చుని ఉంది. ఆమె చేతులు రెండూ నేలకు ఆని ఉన్నాయి.

"కోసెయ్," అంది.

"పసుపు పెట్టినం గదనె."

"కుక్కకేం పసుపు? కోసెయ్."

కోశాను. ఇల్లంతా దాని మీదే నిలబెట్టాను కాబట్టి మొత్తం తీసే వీల్లేదు. నడుమ కోసి, రెండు పక్కలా మొండి ముక్కలు వదిలేశాను. ఇల్లు ఎడమకు ఒరిగింది, ఇటుక పెట్టి ఆపాను. ముందు పళ్లు ఊడిన నోటిలా ఉంది. కుక్క ఆ సందులోంచి లోపలికి పాకి, తిరిగి, మొహం బయటికి పెట్టి పడుకుంది.

రంపం ఇంకా నా చేతిలోనే ఉంది. దానికి అప్పుడే పదును ఎక్కినట్టనిపించింది. లోపలికి వచ్చి మా గడప పక్కన కూర్చున్నాను.

"అమ్మా, మనది గూడ కోస్తనే."

వాకిట్లో గిన్నెల చప్పుడు ఆగింది. నా భార్య కాపురానికి వచ్చి ఇన్నేళ్లలో ఆ గడప గురించి ఒక్క మాట అనలేదు. కోడలు అనే మాట కాదది. ఇప్పుడు తడి చేతులతో వచ్చి నిలబడి, నన్ను చూసే అంది.

"అత్తమ్మ పగటీలి మనం లేనప్పుడు నీళ్లు తాగుతలేదు. చెంబు పెట్టి పోతే పెట్టినట్టే ఉంటాంది."

నాకు అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. తాగితే బయటికి పోవాలి, పోవాలంటే ఎవరో ఒకరు ఎత్తాలి. మంచి నీళ్ల కోసం ఊరంతా ఏళ్ల తరబడి కొట్లాడింది. ఆ నీళ్లు ఇంట్లోకి వచ్చాక మా అమ్మ దప్పికతో కూర్చుంటోంది.

"ఎంతమంది కడపల బయట నిలబడ్డనో ఎర్కనా నీకు?" అంది అమ్మ. గొంతు పెంచలేదు. "కూలి అడగబోతె బయటనే. బువ్వ పెడితె బయటనే, దోసిట్ల. మన గుడిసెకు తడికె ఉండె, కడప లేకుండె. వానొస్తె నీళ్లు, కుక్కలు, అన్ని లోపటికే. నీ నాయిన, నేను గోడలు లేవకముందే గీ కడప తెచ్చి ఏసినం. గప్పటి సంది మన ఇంటికొచ్చినోడు ఎంతటోడైనా చెప్పులిడిసి కాలెత్తుకోని వచ్చిండు. గది కోస్తె నా కాళ్లు కోసినట్టే. కాళ్లెట్లాగు పోయినయి. గిదన్న ఉండనియ్."

నేను రంపాన్ని తీసుకుపోయి ఇచ్చేశాను. వడ్లాయన నా వేళ్లు లెక్కపెట్టాడు.

నాలుగైదు రోజులు ఎవరం ఆ ఊసెత్తలేదు. అమ్మ రోజూ కుక్కను చూసేది. అది తన ఇష్టం వచ్చినప్పుడు బయటికి పాకి, ప్రహరీ పక్కన పని చూసుకుని, మళ్లీ లోపలికి పోయేది. ఎవరినీ పిలిచేది కాదు. ఒక పొద్దున నేను ఆఫీసుకు తయారవుతుంటే అమ్మ పిలిచింది.

"నన్నే బయటెయ్యి. దానికి కట్టినట్టే నాకొకటి కట్టు. కడప పెట్టకు."

నేను చాలాసేపు వాదించాను. పోట్లాడాను కూడా. ఆమె చెంబును అవతలికి జరిపి కూర్చుంది. ఆ రోజు సాయంత్రం వచ్చేసరికి చెంబు నిండుగానే ఉంది.

వడ్లాయన రంపం మళ్లీ అడిగి తెచ్చి, స్నానాల గది పక్కన నాలుగు గుంజలు పాతి, పైన రేకులు వేసి, మూడు వైపులా చెక్కలు కొట్టాను. చెయ్యి తిరిగిందనుకుంటాను, ఇది ఎటూ ఒరగలేదు. అమ్మ కష్టపడి కట్టుకున్న ఇంటికి ఎదురుగా అది మళ్లీ గుడిసే. ఊరు ఊరుకుంటుందా? కుక్కను, తల్లిని ఒక్క తీరుగ చూసుకుంటున్నాడని మెచ్చుకున్నారు. ఆ మెచ్చుకోలు బస్టాండు దాకా నా వెంట వచ్చేది. జవాబు చెప్పాలంటే గడప సంగతంతా చెప్పాలి. బస్సు అంతసేపు ఆగదు.

మంచం కాళ్లు సగానికి కోసి వేశాము. మొదటి రోజు మేం చూస్తుండగానే అమ్మ మంచం దిగి, నేల మీద ఒళ్లు జరుపుకుంటూ స్నానాల గదికి పోయి, తిరిగి వచ్చింది. చాలాసేపు పట్టింది. నా భార్య రెండుసార్లు ముందుకు కదిలితే చేత్తోనే ఆపింది. వచ్చి మంచానికి ఆనుకుని, నల్లా నీళ్లు పట్టిన చెంబు ఎత్తి గటగటా తాగింది. మెడ మీదుగా కారిపోతున్నా ఆపలేదు.

చలికాలం చెక్కల సందుల్లోంచి గాలి కొట్టింది. గోనెపట్టాలు కట్టాను. ఎండాకాలం రేకులు కాలాయి. పైన గడ్డి కప్పి నీళ్లు చల్లాను. అమ్మ చిక్కిపోయింది. లోపలికి పోదామని ఎప్పుడడిగినా వద్దనేది. శుక్రవారం శుక్రవారం నా భార్య మా గడపకు పసుపు రాస్తుంటే, అమ్మ మంచం మీంచే ఆ మూల, ఈ మూల అని చెప్పేది. ఒకరోజు చాలాసేపు అటే చూసి, "బయటి నుంచి మస్తున్నది నా కడప," అంది. ఇన్నేళ్లలో ఆమె దాన్ని అంత తీరిగ్గా బయట కూర్చుని చూడలేదు.

కుక్క మాత్రం నేను కట్టిన ఇంట్లో పట్టుమని రెండు నెలలు లేదు. అమ్మ బయటికి రాగానే వచ్చి మంచం కిందికి చేరింది. రొట్టె విసరాల్సిన పని తప్పింది. ఖాళీ ఇంట్లో పక్కింటాయన కోడి గుడ్లు పెట్టడం మొదలుపెట్టింది. ఆయనకూ ఒక సింగిల్ బెడ్‌రూం వచ్చిందని నేననలేదు. అనాలని మాత్రం ఉండేది.

వైశాఖంలో ఒక పొద్దున అమ్మకు ఊపిరి ఎగదోసింది. మా వైపు ప్రాణం పోయేటప్పుడు మనిషిని ఇంట్లో ఉంచరు, బయటికి తెచ్చి వాకిట్లో పడుకోబెడతారు. కబురు విని పరుగెత్తుకొచ్చిన పెద్దమనుషులు, ఎత్తడానికి భుజాల మీది తువ్వాళ్లు నడుముకు చుట్టుకుని, ఇంట్లోకి పోబోయి ఆగారు. అమ్మ అప్పటికే బయట ఉంది. వాళ్లకు చేయడానికి పనేమీ లేక, తువ్వాళ్లు విప్పి మంచం చుట్టూ కూర్చున్నారు.

ఎండెక్కకముందే అమ్మ పోయింది. ఆ పగలంతా కొత్త బట్టకని, కుండకని, బియ్యానికని మనుషులు ఇంట్లోకి పోతూ వస్తూ ఉన్నారు. తొందరలో ఉన్నవాళ్లు, ఏడుస్తున్నవాళ్లు, చేతుల నిండా సామాన్లు ఉన్నవాళ్లు. నేను అమ్మ కాళ్ల దగ్గర కూర్చుని గడపనే చూస్తున్నాను. అందరూ చెప్పులు విడిచారు. అందరూ కాలెత్తారు. ఒక్కరూ దాన్ని తొక్కలేదు.