మాణిక్ మామ కంప్యూటర్‌ను మూడు బటన్లతోని సంపిన కథ

మా బీదర్ గాంధీ గంజ్ బజార్ల పట్టపగలు, ఇరవై మంది ముందట నా ఇజ్జత్ ఎట్ల పోయిందో చెప్త, వినుండ్రి. నవ్వొస్తే నవ్వుండ్రి, నేనేం అనుకోను. ఆ దినం నవ్వనోళ్లు ఎవరున్నరు గనుక!

హైదరాబాద్ల వీధికో కంప్యూటర్ కంపెనీ తెరుస్తున్న దినాలవి. నాకు పుట్టుకతోనే చూపు తక్కువ. తెల్ల స్క్రీన్ మీద అక్షరాలు పాలల్ల పడ్డ చీమల లెక్క కొట్టుకపోతయి. "కండ్లు కనబడని పిల్లకు కంప్యూటరేందే?" అని మా మేనత్త మూతి తిప్పింది. గా మాటకే పట్టుబట్టి హైదరాబాద్ పోయి మూడు నెలలు నేర్చుకున్న. ఆడ ఒక అక్క నాకు ఉపాయం చెప్పింది. ఎడమ ఆల్ట్, ఎడమ షిఫ్ట్, ప్రింట్ స్క్రీన్ మూడూ ఒక్కసారి ఒత్తి ఎంటర్ కొట్టాలె. స్క్రీన్ నల్లగైతది, అక్షరాలు తెల్లగ, పెద్దగ లేస్తయి. మళ్ల గవే మూడు ఒత్తితే ఎప్పటి లెక్కనే.

బీదర్ తిరిగొచ్చేసరికి గంజ్ల పప్పుల దుకాణం మీద మాణిక్ మామ కంప్యూటర్ సెంటర్ తెరిచిండు. నేర్పేటోళ్లు కావాలన్నడు.

"రూతమ్మా, కండ్లు మంచిగున్నయి గదా?"

"ఫస్ట్ క్లాస్ ఉన్నయి మామా!" అన్న. ప్రతి ఆదివారం చర్చిల ముందు బెంచీల కూసునేదాన్ని, కండ్లార్పకుండ అబద్ధమాడిన.

"రేపు పిల్లల తల్లిదండ్రులు వస్తుండ్రు. వాళ్ల ముందట కంప్యూటర్ల ఒక చిట్టి టైపు కొట్టి చూపియ్. మంచిగ కొడితే నౌకరీ నీదే."

మంచి పేరు రావాలని తెల్లారి జల్ది పోయిన. బల్ల మీద రెండు కంప్యూటర్లు. కీబోర్డులు ఎత్తి, బల్ల తుడిచి, మళ్ల పెట్టిన. ఏది ఎక్కడిదో ఎవరు చూసిండ్రు?

పబ్లిక్ వచ్చింది. మామ పక్క కంప్యూటర్ ముందట కూసొని, స్క్రీన్ల చూసుకుంట కోర్సుల లిస్టు గడగడ చదువుతుండు. గిదే మోకా అని గప్‌చుప్‌గ మూడు బటన్లు ఒత్తి ఎంటర్ కొట్టిన. నా స్క్రీన్ తెల్లగనే ఉన్నది.

"అయ్యో మాణిక్కయ్యా, నీ డబ్బ కాలిపోయింది!" అని ఎవరో అరిచిండ్రు.

పాపం మామది ఖరాబైనట్టుంది అనుకొని, నేను మళ్ల ఒత్తిన.

"లేదు లేదు, బతికింది!"

ఇంకోసారి గట్టిగ ఒత్తి ఎంటర్ కొట్టిన.

"మళ్ల సచ్చింది!"

నిర్ణా ఊరి నుంచి బిడ్డను చేర్పిస్తానికి వచ్చిన నర్సమ్మ నా చేతులే చూస్తాందంట. "ఓ బిడ్డా! నువ్వు ఒత్తినప్పుడల్ల ఆయనది సస్తాంది. నీ తీగ ఆయన డబ్బలకు పోతాంది సూడు!"

పబ్లిక్ పొట్టలు పట్టుకొని నవ్విండ్రు. నాకు ఏడుపొక్కటే తక్కువ. "తప్పైంది మామా. నాకు చూపు తక్కువ, అబద్ధం చెప్పిన" అన్న. నౌకరీ పాయె, మేనత్త మాటే నిజమాయె అనుకుంట, పోయే ముందు స్క్రీన్ తెల్లగ చేద్దామని చెయ్యి పెట్టిన.

"చెయ్ తియ్!" అని మామ ఒక్కటే అరుపు.

స్క్రీన్ దగ్గరికి జరిగిండు. వెనకకు జరిగిండు. ఒక్కొక్క మాట కూడబలుక్కొని చదివి, తల పట్టుకున్నడు.

"అరే, ఇది కోర్సుల లిస్టు కాదు! మొన్న కొట్టిన నా మేనకోడలి పెండ్లి కార్డు!"

కార్డు ఇంగ్లీషుల ఉండె, ఆయన సదివేది లిస్టా కార్డా అని పబ్లిక్‌ల ఎవరు పట్టుకుంటరు? మామ మెల్లగ అన్నడు: "రెండేండ్ల నుంచి నాకూ సక్కగ కనబడ్త లేదు రూతమ్మా. ఇజ్జత్ పోతదని లిస్టంతా నోటికి పట్టిన. గా బటన్లు ఏందో ముందుగాల నాకు నేర్పు. నౌకరీ నీదే!"

నా మొదటి స్టూడెంట్ మా ఓనరే! నాకు ఎంత సంతోషమైందంటే, మెట్లు దిగుకుంట గంజ్ల హమాలీలందరికి చెప్పుకుంట పోయిన. నెల తిరగకముందే మా మేనత్త కండ్లద్దాలు తుడుసుకుంట సెంటర్‌కు వచ్చింది. "నాక్కూడ గా నల్లది పెట్టవే" అన్నది.

బైబిల్ మీద చెయ్యి పెట్టి ఒట్టేసిన: తీగ తడిమి చూడకుండ ఇంకెన్నడూ బటన్ ఒత్తను. నా కండ్లు ఫస్ట్ క్లాస్ అని ఎవ్వరికీ చెప్పను. గీ తీగ సంగతి మాత్రం, దేవుడు క్షమించాలె, మేనత్తకు మొదటి దినం చెప్పలే. ఆమె ఒత్తుడు, పక్కోళ్ల డబ్బ సచ్చుడు!