మా మామ్మకు రాని పాఠం

నా చిన్నప్పుడు మొదలైన ఒళ్లుమంట ఒకటి నాకు ఇప్పటికీ తగ్గలేదు. అది దాతల మీద మంట. అందరి మీదా కాదు. ఇచ్చి ఊరుకోకుండా, ఇచ్చిన చోటే నిలబడి మనం ఎలా తింటున్నామో చూసేవాళ్ల మీద. డెబ్బై దాటాయి కదా అత్తయ్యా, ఇంక శాంతంగా ఉండండి అంటుంది మా కోడలు. శాంతం నా ఒంటికి పడదు. మా మామ్మకీ పడేది కాదు.

మామ్మ అంటే మా నాన్నను కన్నతల్లి. మాది మలేషియాలో సుంగై సిపుట్ ఊరికి అవతల రబ్బరు ఎస్టేటు. అమ్మా నాన్నా తెల్లవారకముందే రబ్బరు పాల కోసం చెట్లు గీయడానికి పోతే ఇంటినీ నన్నూ చూసుకున్నది మామ్మే. చూసుకోవడం అంటే ముద్దుచేయడం అనుకునేరు. ఆవిడ నోటికి మా లైనంతా జడిసేది. లైను అంటే కూలీలకు ఎస్టేటువాళ్లు వరసగా కట్టించిన ఇళ్లు. మా వరసకీ ఎదురు వరసకీ మధ్య మురుగుకాలువ. కాలువ పక్కన అందరికీ కలిపి ఒక్క కుళాయి. ఎస్టేటులో జరిగిన యుద్ధాలన్నీ ఆ కుళాయి దగ్గర జరిగినవే.

ఇంట్లో తెలుగు, బళ్లో అరవం, అంగట్లో మలాయి. మాటలు మూడూ నాకు గడగడా వచ్చేవి. అక్షరం మాత్రం ఒక్కటీ నిలిచేది కాదు. పలక మీద ఇప్పుడు చూసిన అక్షరం కళ్లు మూసి తెరిచేలోగా ఇంకోదాని మొహం పెట్టుకునేది. ఈ కాలంలో దానికి ఏవేవో పేర్లున్నాయి, డాక్టర్లున్నారు, పరీక్షలున్నాయి. మా పెద్ద పంతులు పెట్టిన పేరు ఒక్కటే, మొద్దు. మాలాంటివాళ్ల కోసం గది వెనకాల ఒక బల్ల ఉండేది. దాన్ని మొద్దుల బల్ల అనేవాడు. నేనూ, కాలువ అవతల ఎదురింటి అత్త కూతురూ ఆ బల్ల మీదే పెరిగాం. ఆ పిల్ల నా నేస్తం. పంతులు మమ్మల్ని ఏమీ అడిగేవాడు కాదు, మేం ఏమీ చెప్పేవాళ్లం కాదు. జీతం మాత్రం మా తలలు లెక్కపెట్టుకునే తీసుకునేవాడు.

అప్పుడు పట్నంలో డబ్బున్న పెద్దమనుషుల సంఘం ఒకటుండేది. చదువు పట్టుబడని పిల్లను విడిగా కూర్చోబెట్టి, ఆ పిల్లకు తగ్గట్టు చెప్పించాలని, అందుకయ్యే ఫీజు ఆ కుటుంబానికి స్కాలర్‌షిప్పుగా ఇవ్వాలని వాళ్లకు బుద్ధి పుట్టింది. మంచి బుద్ధే, నేను కాదనను. ఎస్టేటుకి ఒక పిల్ల అన్నారు. సంఘం కార్యదర్శి బడికొచ్చి ఎవరో ఒకరిని చూపించమంటే, పెద్ద పంతులు కుర్చీలోంచి లేవకుండానే బెత్తం చాచాడు. బెత్తం కొన ఎదురుగా నేనున్నాను. బల్లకి ఈ చివర కూర్చున్నాను కాబట్టి నేను. నా నేస్తం నా పక్కనే కూర్చుంది. నాకు పట్టిన అదృష్టం మొత్తం అంతే. అందులో నా గొప్పా లేదు, ఆ పిల్ల తప్పూ లేదు.

శనివారం వస్తే నాన్న సైకిలు మీద నన్ను బస్సు రోడ్డు దాకా తీసుకుపోయి, బస్సెక్కించి, తానూ ఎక్కి పట్నంలో ఒక టీచరమ్మ ఇంటి దగ్గర దింపేవాడు. ఉద్యోగం మానేసి ఇంటి పట్టున ఉంటున్న ముసలావిడ. ఆవిడ ముందు నేనొక్కదాన్నే. పళ్లెంలో ఇసక పోసి అక్షరాన్ని వేలితో రాయించేది. రాస్తూ ఉండగానే దాని పేరు గట్టిగా అనమనేది. తప్పు రాస్తే ఇసక సర్దేది, అంతే. తిట్టు లేదు, బెత్తం లేదు, పక్కవాళ్ల నవ్వు లేదు. నేను మొద్దుదాన్ని కానేమో అని నాకు మొదటిసారి అనుమానం వచ్చింది ఆ ఇంట్లోనే. ఆ అనుమానం ఎంత తియ్యగా ఉంటుందో మొద్దుల బల్ల మీద కూర్చోనివాళ్లకి ఎంత చెప్పినా తెలియదు.

లైనులో మాత్రం మా బతుకు చేదైపోయింది. ఎదురింటి అత్త కుళాయి దగ్గర మా బిందెను కాలితో పక్కకు తోసింది. నేను కనిపిస్తే చాలు, మహారాణి వచ్చినాది దారియ్యండర్రా అని నలుగురికీ వినపడేలా అనేది. కూతుర్ని నాతో మాట్లాడనిచ్చేది కాదు. మా అమ్మేం తక్కువ తినలేదు, తానూ రెండు బిందెలు తోసి నాలుగు మాటలు అంది. ఆ కోపం అన్యాయం అని నేను ఇప్పటికీ అనలేను. ఒకే బల్ల మీద కూర్చున్న పిల్లల్లో ఒకదాన్ని లేపి బస్సెక్కిస్తే, రెండోదాని తల్లి కడుపు మండదా? మండాల్సింది సంఘం మీద. కానీ సంఘం పట్నంలో ఉంది, మేం కాలువకి ఇవతలే ఉన్నాం.

మామ్మ ఈ గొడవలో ఒక్క మాటా మాట్లాడలేదు. ఆవిడ మాట్లాడకపోతే నాకు ఇంకా భయం. ఒక శనివారం నేను పట్నం నుంచి రాగానే వాకిట్లో చాప పరిచి కూర్చుని, వక్కాకు దవడన పెట్టుకుని, నన్ను పిలిచింది. నేల మీద ఇసక పోసి ఉంది.

"ఈవేళ ఏటి నేర్సినావో నాకూ సెప్పు" అంది.

చెప్పాను. ఇసకలో అక్షరం రాసి పేరు చెప్పాను. ఆవిడ రాసింది, తప్పు రాసింది. మళ్లీ చెప్పాను. మళ్లీ తప్పు రాసి, ఇదే సరైనదని వాదించింది. పోలికలున్న రెండు అక్షరాలు చూపిస్తే రెండూ ఒకటేనని, టీచరమ్మ నన్ను మోసం చేస్తోందని, బస్సు చార్జీ దండగని లైనంతా వినపడేలా కేకలేసింది. నాకు ఏడుపొచ్చింది. గొంతు చించుకుని అరిచి చెప్పాను. చుట్టుపక్కల పిల్లలు పోగై నవ్వారు. నవ్వుతూ వాళ్లే, అలా కాదు మామ్మా, ఇలా అని వేళ్లు పెట్టి దిద్దడం మొదలుపెట్టారు. ఆవిడ వాళ్లందరినీ తిట్టి, మళ్లీ తప్పు రాసింది.

తర్వాత శనివారం కూడా అదే తంతు. ఆపై వారమూ అదే. ఒక రోజు మామ్మ మరీ మొండిగా వాదిస్తుంటే కాలువ అవతలి నుంచి నా నేస్తం ఉండబట్టలేక జవాబు అరిచింది. సరైన జవాబు. బళ్లో ఏళ్ల తరబడి నోరు విప్పని పిల్ల! వాళ్లమ్మ జుట్టు పట్టుకుని లోపలికి లాక్కుపోయింది. మామ్మ అటు చూడను కూడా చూడకుండా, ఆ పిల్ల చెప్పింది తప్పు, నాదే ఒప్పు అని ఇంకో రెండు కేకలేసింది. ఎదురింటి అత్త చేటలో బియ్యం ఏరుకుంటూ చాలాసేపు ఓర్చుకుంది. ఇక ఓర్చుకోలేక చేట కింద పడేసి లేచింది.

"ఆ ముసిల్దానికి బుర్ర నేదు" అంది కూతురితో. "ఎల్లి దగ్గరుండి సూపించి రా. నా సెవులు పోతన్నాయి."

ప్రేమతో పంపలేదు, మా మీద జాలితోనూ పంపలేదు. మామ్మ మొద్దుతనం మీద కసితో పంపింది. నా నేస్తం కాలువ దాటి వచ్చి చాప మీద కూర్చుంది. ఆ తర్వాత ఏ శనివారమూ ఆ పిల్లని ఎవరూ పిలవాల్సిన పని లేకపోయింది.

కొన్నాళ్లకు సంఘం కార్యదర్శి నన్ను చూడ్డానికి లైనుకే వచ్చాడు. తెల్ల చొక్కా, తెల్ల ప్యాంటు, వెనక గొడుగు పట్టుకుని ఎస్టేటు గుమాస్తా. మా వాకిట్లో పిల్లలంతా ఇసకలో తలలు పెట్టి ఉన్నారు. ఆయన మొహం ముడుచుకుపోయింది. సంఘం ఇచ్చే సాయాన్ని మేం ఊరందరికీ పంచేస్తున్నామట. దాతలు ఒక పిల్ల బాగుపడాలని ఇచ్చారట. ఏడాది చివర సభలో ఆ పిల్లను నిలబెట్టి, చూడండి మా వల్ల ఎలా మారిందో అని చూపించాలట. అందరూ నేర్చేసుకుంటే ఇంక ఆ పిల్లలో చూపించడానికేముంది? మా నాన్నతో ఒక్కటే మాట అన్నాడు. పిల్లలు ఇక్కడి నుంచి కదలాలి, లేదా ఫీజు ఆగిపోతుంది. నాన్న చేతులు కట్టుకున్నాడు. అలాగే బాబూ అనబోయాడని ఆయన పెదవులు చూస్తే నాకు తెలిసిపోయింది. నిజం చెప్పాలంటే నాన్న అలాగే అనాలని నేనూ దేవుడికి మొక్కుతున్నాను. నాకు ఆ ఇసక పళ్లెం కావాలి. శనివారం కావాలి. పక్కన నేస్తం నా చెయ్యి పట్టుకుని ఉంది.

మామ్మ చాప మీద నుంచి లేవలేదు. తాను మొద్దుదాన్నని, ఒకసారి చెబితే బుర్రకెక్కదని, ఇంకోసారి చెప్పమని కార్యదర్శిని అడిగింది. ఆయన చెప్పాడు. అర్థం కాలేదంది. ఆయన అరవంలో చెప్పాడు, మలాయిలో చెప్పాడు, చివరికి చిన్నపిల్లకి చెప్పినట్టు మాట మాట విడదీసి తెలుగులో చెప్పాడు. అప్పటికి రెండు వరసల ఇళ్లవాళ్లూ గుమ్మాల్లోకి వచ్చి నిలబడ్డారు.

"అయితే బాబూ, పిల్ల నేర్సుకోవొచ్చు. నేర్సుకున్నది పక్కోళ్లకి ఇనపడకూడదు. అంతేనా?" అంది మామ్మ.

"అంతే" అన్నాడాయన, హమ్మయ్య అనుకుంటూ.

అనేశాక తానేమన్నాడో తన చెవులకే వినపడినట్టుంది. చుట్టూ చూశాడు. అందరూ ఆయన్నే చూస్తున్నారు. కాలువ అవతల ఎదురింటి అత్త కొంగు బిగించింది. ఆవిడ మా పక్షాన నోరు విప్పడం అదే మొదలు, అదే ఆఖరు.

"మా పిల్ల సూస్తే మీ సదువు అరిగిపోద్దేటి?" అంది.

ఆయన ఎర్రబడిపోయి వెళ్లిపోయాడు. తర్వాత శనివారం నాకు బస్సు లేదు. ఫీజు ఆగిపోయిందని గుమాస్తాతో చెప్పి పంపారు. సిగ్గుపడ్డ మనిషి మంచివాడవుతాడని ఎవరైనా అంటే నేను నమ్మను. మా నాన్న చాలా రోజులు మామ్మతో మాట్లాడలేదు. అమ్మ మాట్లాడింది, మాట్లాడకపోయినా బాగుండేదనిపించేలా మాట్లాడింది. ఎదురింటి అత్త మాకు మంచి జరిగిందనీ అనలేదు, చెడు జరిగిందనీ అనలేదు. కుళాయి దగ్గర ఎప్పటిలాగే తన బిందె ముందు పెట్టుకుంది. నేను మామ్మ మొహం మీదే అన్నాను, అంతా నీవల్లే అని. అవునే, నావల్లే అంది. సర్దిచెప్పలేదు, దగ్గరికి తీసుకోలేదు.

శనివారం ఆ వేళకి ఆవిడ చాప పరిచి, ఇసక పోసి కూర్చుంది. కొత్త పాఠం ఎక్కడిది, నేను పట్నం వెళ్లలేదు కదా అని మూలనుంచి గొణిగాను.

"పాతది నాకింకా రానేదు. కూకో" అంది.

కూర్చున్నాను. పిల్లలొచ్చారు, నేస్తం వచ్చింది. పాతదే చెప్పాం, వారం వారం చెప్పాం, ఆవిడకు రాలేదు. ఆవిడకు రాకుండా రాకుండానే అది మాకు వచ్చేసింది. ఒకసారి నేర్పించుకున్నప్పుడు నా కళ్ల ముందు కదిలిన అక్షరాలు, ఆ మొండి ముసలిదానికి వందసార్లు చెప్పేసరికి కుదురుగా నిలబడ్డాయి. పై చదువులేమీ చదవలేదు నేను. టీచరమ్మ దగ్గర ఇంకో ఏడాది ఉంటే ఏమయ్యేదాన్నో అని ఇప్పటికీ అనుకుంటాను, అనుకున్నప్పుడల్లా కార్యదర్శిని తిట్టుకుంటాను. కానీ మొద్దుల బల్ల మీద నుంచి నేనూ నా నేస్తమూ ఒకే ఏడు లేచాం. మామ్మకు నిజంగానే రాలేదో, రానట్టు నటించిందో ఆవిడ పోయేదాకా నాకు చెప్పలేదు.

ఇప్పుడు మా మనవడికీ అక్షరాలు కదులుతాయి. ఒక పెద్ద సంస్థ వాళ్లు దయతలచి, వాడొక్కడికే తగినట్టు పాఠాలు చెప్పిస్తున్నారు. టాబ్లెట్‌లో ఒక టీచరు కనబడి వాడితోనే మాట్లాడుతుంది. పక్కింటి ఫ్యాక్టరీ కూలీల పిల్లలకీ అదే జబ్బు, వాళ్లకు ఏ సంస్థా దొరకలేదు. వాళ్లూ వచ్చి వాడి పక్కన కూర్చుంటారు. నేనే కూర్చోమన్నాను. మొన్న సంస్థ నుంచి ఒక చిన్నది ఫోను చేసింది. కెమెరాలో వేరే పిల్లలు కనబడుతున్నారట.

"ఒక్క పిల్లాడికే ఆంటీ, రూల్ అంతే లా" అంది, ఇక్కడందరూ మాట చివర తగిలించే ఆ 'లా'తో సహా.

మా కోడలు నా ఎదుట నిలబడి దండం పెడుతోంది, సరేననండి అత్తయ్యా అని. దాని భయం నాకు తెలుసు. సాయం పోతుందని భయం, నిజంగానే పోవచ్చు. ఒకసారి పోగొట్టుకున్నదాన్ని, అదెంత నొప్పో నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. మనవడు నా వైపే చూస్తున్నాడు. పక్కింటి పిల్ల టాబ్లెట్ మీద వేలు పెట్టి ఉంచింది, తీయాలో వద్దో తెలియక.

నాకు అర్థం కాలేదమ్మా, మళ్లీ చెప్పు అన్నాను ఫోనులో. అది మళ్లీ చెప్పింది. ముసలిదాన్ని తల్లీ, ఇంకోసారి అన్నాను. పిల్లల్ని మాత్రం కానివ్వమని చేత్తో సైగ చేశాను.

మా మామ్మ నాకు నగా నట్రా ఏమీ మిగల్చలేదు. ఎదుటివాళ్లకు సిగ్గేసేదాకా అర్థం కాకుండా కూర్చోవడం ఒక్కటే ఆవిడ దగ్గర్నుంచి నాకు వచ్చింది. ఆ చిన్నది రోజు విడిచి రోజు ఫోను చేసి ఓపిగ్గా చెబుతోంది. దానికింకా సిగ్గు రాలేదు. నాకేం తొందర లేదు.