ఒక్క కణంగా ఉన్నంతసేపే

తిరుపతిలోని ఆ పరిశోధనశాలలో మునిరత్నమ్మ చేపలతో తప్ప ఎవరితోనూ మెత్తగా మాట్లాడదు. వడమాలపేట నుంచి మొదటి బస్సుకు వస్తుంది. కొంగు నడుముకు బిగించి, సరిగ్గా ఎనిమిదింటికి చేపల గదిలో లైటు వేస్తుంది. జీబ్రా చేపల్లో ఆడదానికీ మగదానికీ మధ్య ముందురోజు సాయంత్రం పెట్టిన అడ్డుపలకను, పగుళ్లు బారిన వేళ్లతో పైకి లాగుతుంది. వెలుతురు పడగానే అవి గుడ్లు పెడతాయి. గుడ్డు ఒక్క కణంగా ఉండేది ముప్పావు గంటే, ఆ తర్వాత రెండుగా, నాలుగుగా చీలుతూ పోతుంది. మందు ఆలోపే సూదితో ఎక్కించాలి. గాయానికి వాపు ఎందుకొస్తుందో ఆ గుడ్లలోంచి వచ్చే పిల్లల్లో చూడటం శేషసాయి పరిశోధన. అతను వచ్చేది పదిన్నరకు.

ఆరోజు పదకొండింటికి పరిశోధనశాలను నడిపే మేడమ్ వచ్చి, మందు ఎక్కించే పని ఎందుకు కాలేదని అడిగింది.

"ఎనిమిదికే వచ్చినాను మేడమ్. పదింటిదాకా ఈమె పలక తియ్యనే లేదు" అన్నాడు శేషసాయి.

మునిరత్నమ్మ గుడ్ల గిన్నె తెచ్చి మైక్రోస్కోపు కింద పెట్టింది. "పదింటి గుడ్డయితే నాలుగు కణాలుండాల. ఎన్నుండాయో సూడండి మేడమ్."

మేడమ్ వంగి లెక్కపెట్టడం మొదలుపెట్టి, మధ్యలో ఆపేసింది. "వందలున్నాయి" అంది చివరికి. "సరేలే, రేపు చేద్దాం."

"ఈ చేపలు రేపు పెట్టవు. వారం ఆగాల."

మునిరత్నమ్మ గిన్నె తీసి శేషసాయి చేతిలో పెట్టింది. "దినమ్మూ పనికి రాకుండా పొయిన వీటిని బ్లీచింగు నీళ్లలో పోసి సంపేది నేనే. ఈపొద్దు నువ్వు పొయ్యప్పా" అంది, అంతవరకూ అతన్ని సార్ అని పిలిచిన మనిషి.

అతను గిన్నె వంచేదాకా అక్కడే నిలబడింది.